అమ్మానాన్నలతో రగూజా ఇబ్లా: పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చా?

మీరు అడిగింది ఇదీ: మీరు మ్యూనిక్‌లో ఉంటారు, గుంటూరు నుంచి అమ్మగారు, నాన్నగారు వచ్చారు, ముగ్గురూ అక్టోబరులో ఇటలీలోని సిసిలీ దీవికి వెళ్తున్నారు. బస కటానియాలో. అక్కడి పాత కొండ ఊరు రగూజా ఇబ్లాని పొద్దున వెళ్లి సాయంత్రానికి చూసి రావచ్చా, లేక అంత దూరం ఎందుకని దారిలోనే ఉన్న ఇంకో పాత ఊరు నోతోతో సరిపెట్టుకోవచ్చా? అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, ఇద్దరూ శాకాహారులు. కారు అద్దెకి తీసుకోవాలా, బస్సు చాలా అనేది కూడా మీ సందేహం.

చూసి రావచ్చు. కానీ అలా వెళ్లకండి. రెండు రాత్రులు ఇబ్లాలోనే గది తీసుకోండి, నోతోని దారిలో చూడండి, కారు తీసుకోండి. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు ఈ ఊరు చూడలేరన్న మాట నిజం కాదు. ఏ వైపు నుంచి ఊళ్లోకి వస్తారు, ఎక్కడ కారు దిగుతారు అనేదాన్ని బట్టి ఉంటుంది.

నేను కటానియాలో ఉంటాను. యూరప్‌లో ఉన్న మనవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు సిసిలీ వస్తే ప్రయాణం ఏర్పాట్లు చూడటం నా పని. కాబట్టి ఇది ఎక్కువగా పెద్దవాళ్లని తిప్పిన అనుభవంతో చెప్తున్న మాట. ఇరవై ఐదేళ్ల కుర్రాడు బ్యాగు తగిలించుకుని వస్తే వేరేగా చెప్తాను.

ఒక్క రోజు ఎందుకు చాలదో ముందు చూడండి. కటానియా నుంచి రగూజాకి దాదాపు 100 కిలోమీటర్లు. బస్సులో సుమారు రెండు గంటలు, ఆ బస్సు దింపేది పైనున్న కొత్త రగూజాలో. అక్కడి నుంచి ఇబ్లాకి మళ్లీ సిటీ బస్సు పట్టుకోవాలి. ఎంత పొద్దున్నే బయల్దేరినా ఇబ్లాలో కాలు పెట్టేసరికి పదకొండు అవుతుంది. పన్నెండున్నర కల్లా చాలా చర్చిలు మూసేసి, మళ్లీ మూడున్నరకో నాలుగింటికో తెరుస్తారు. దుకాణాలదీ అదే వరస. అంటే మీరు సరిగ్గా తలుపులన్నీ మూసి ఉన్న వేళ, ఎండలో, టూరిస్టు బస్సుల జనం మధ్య తిరుగుతారు. తలుపులు తెరిచేసరికి మీ తిరుగు బస్సు టైమ్ అవుతుంది. ఇలా వచ్చి వెళ్లినవాళ్లు "బాగానే ఉంది కానీ అన్ని మెట్లే" అంటారు. వాళ్లు చూసింది అంతే మరి.

రాత్రి ఉన్నవాళ్లకి కనిపించే ఊరు వేరు. సాయంత్రం ఐదున్నర తర్వాత టూరిస్టు బస్సులు వెళ్లిపోతాయి. ఇక్కడి సున్నపురాయి లేత పసుపు, ఆ వేళ పొద్దువాలు ఎండలో తేనె రంగుకి తిరుగుతుంది. పెద్ద చర్చి ముందున్న చౌకు పియాత్సా దువోమోలో ఊరి ముసలివాళ్లు వచ్చి కూర్చుంటారు. మీ నాన్నగారిని కూడా అక్కడే ఒక బెంచీ మీద కూర్చోబెట్టండి, ఇంకేమీ చూపించక్కర్లేదు.

ముందు ఊరి నిర్మాణం అర్థం చేసుకోండి. లేకపోతే మ్యాప్ చూసి మోసపోతారు. 1693 జనవరి 11న ఆగ్నేయ సిసిలీలో పెద్ద భూకంపం వచ్చింది. రెండు రోజుల ముందే ఒక కుదుపు వచ్చింది, ఆ తర్వాత ఇది. సుమారు 60 వేల మంది చనిపోయారని అంచనా. నోతో, మోదికా, రగూజా, కటానియా, ఇలా పదుల కొద్దీ ఊళ్లు నేలమట్టమయ్యాయి. అప్పుడు సిసిలీ స్పెయిన్ రాజుల కింద ఉండేది. పునర్నిర్మాణం చూడమని వైస్రాయి కమాస్త్రా డ్యూక్ అయిన జుసెప్పె లాంజాని పంపాడు. ఈ ఊళ్లన్నీ ఒకే కాలంలో, ఒకే రకం రాయితో, ఒకే అలంకార శైలిలో లేచాయి కాబట్టే వీటిలో ఎనిమిదింటిని కలిపి 2002లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది.

రగూజాలో మాత్రం ఊరివాళ్లకి ఏకాభిప్రాయం కుదరలేదు. సెయింట్ జాన్ చర్చి వర్గం వాళ్లు పక్కనున్న ఎత్తైన మైదానం మీద నిలువు వీధులు, అడ్డ వీధులు గీసుకుని కొత్త ఊరు కట్టుకున్నారు. సెయింట్ జార్జ్ చర్చి వర్గం, అందులో పాత కులీన కుటుంబాలు ఎక్కువ, కూలిన చోటే పాత సందుల మీదే మళ్లీ కట్టుకున్నారు. ఆ రెండోదే ఇబ్లా. పంతం ఎంత దూరం వెళ్లిందంటే పంతొమ్మిదో శతాబ్దంలో రెండూ వేరు వేరు మున్సిపాలిటీలు అయిపోయాయి. మళ్లీ కలిసింది 1926లో. ఇవాళ్టికీ పండగలు ఎవరివి వాళ్లవే: ఇబ్లాలో జార్జ్ పండగ వసంతంలో, పైన జాన్ పండగ ఆగస్టు 29న.

మీకు ఇందులో పనికొచ్చే సంగతి ఏమిటంటే, పై ఊరికీ ఇబ్లాకీ మధ్య లోయ ఉంది. మ్యాప్‌లో చూస్తే "దగ్గరే, నడిచి వెళ్లిపోదాం" అనిపిస్తుంది. ఆ దగ్గర దారి రెండు వందలకి పైగా మెట్లు. ఇంటర్నెట్‌లో అందరూ "పై నుంచి మెట్ల మీదుగా దిగుతూ రండి, ఎక్కే బాధ ఉండదు" అని రాస్తారు. మోకాళ్ల నొప్పి లేనివాళ్లు రాసే సలహా అది. అరిగిన మోకాళ్లకి ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ బాధ. పైగా ఇక్కడి రాతి మెట్లు జనం నడిచి నడిచి నున్నబడ్డాయి, అక్టోబరులో ఒక వాన పడితే జారతాయి. అమ్మగారు చీర మీదకి మామూలు చెప్పులే వేసుకుంటానంటారు. రబ్బరు అడుగు ఉన్న బూట్లు కొనిపెట్టండి, రెండు రోజులు గొణుక్కున్నా ఫరవాలేదు.

ఆ మెట్ల తలలో శాంతా మరియా దెల్లె స్కాలే అనే చర్చి ఉంది. ఇబ్లా మొత్తం ఎదురుగా కొండ మీద పరుచుకుని కనిపించేది అక్కడి నుంచే. దీన్ని వదలకండి, కానీ కారులో గానీ ట్యాక్సీలో గానీ వెళ్లి చూసి, మళ్లీ బండిలోనే కిందకి రండి. రోడ్డు మెలికలు తిరుగుతూ ఇబ్లా దాకా వస్తుంది. చర్చిలో ఒక వైపు భాగం భూకంపానికి తట్టుకుని నిలిచింది, కాబట్టి పాత గోథిక్ తోరణాలు ఇంకా ఉన్నాయి. తలుపు తెరిచి ఉంటే ఒక పది నిమిషాలు లోపల చూడండి.

ఇబ్లాలోకి రెండు వైపుల నుంచి రావచ్చు. పడమటి వైపు పియాత్సా దెల్లా రిపుబ్లికా నుంచి వస్తే ఎక్కుడు ఎక్కువ. మీరు తూర్పు చివర, జార్దీనో ఇబ్లెయో తోట దగ్గర దిగండి. తోట కింద పార్కింగ్ ఉంది. తోటలో నేల చదును, ఖర్జూర జాతి చెట్ల బాట, బెంచీలు, లోయ వైపు పిట్టగోడ. బయటికి రాగానే పాత సెయింట్ జార్జ్ చర్చి ద్వారం ఒంటరిగా నిలబడి ఉంటుంది. పదిహేనో శతాబ్దపు కటలాన్ గోథిక్ పని. చర్చి మొత్తం పోయి ఆ ద్వారం ఒక్కటే మిగిలింది. పైన గుర్రం మీద జార్జ్ డ్రాగన్‌ని పొడుస్తున్న బొమ్మ బాగా అరిగిపోయింది, కాసేపు నిలబడి చూస్తేనే ఆనవాలు దొరుకుతుంది.

అక్కడి నుంచి కోర్సో 25 ఏప్రిల్ అనే వీధి మెల్లగా పైకి వెళ్తుంది. మధ్యలో సెయింట్ జోసెఫ్ చర్చి. లోపల హాలు కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. నేల మీద రంగు పలకల మధ్య నల్లటి రాయి చూడండి, అది తారు ఇంకిన సున్నపురాయి. రగూజా చుట్టుపక్కల తారు గనులు ఉండేవి. అమ్మగారు కాసేపు కూర్చోవడానికి కూడా ఇదే మంచి చోటు. ఇంకో నాలుగు అడుగులు వేస్తే పియాత్సా దువోమో, సెయింట్ జార్జ్ పెద్ద చర్చి.

ఈ చర్చి దగ్గర తొందరపడకండి. కట్టింది రొజారియో గాల్యార్ది, సిరాకూజా వాడు. పని 1730ల చివర్లో మొదలై 1775 దాకా సాగింది. చౌకు కింది చివర నిలబడి పైకి చూడండి. చర్చి చౌకుకి సూటిగా లేదు, కొంచెం పక్కకి తిరిగి ఉంది. సూటిగా ఉండి ఉంటే ముఖభాగం వెనకాల ఉన్న గోపురం కనపడేది కాదు. ఈ మెలిక వల్ల ముందున్న మూడు అంతస్తుల ముఖం, వెనకున్న గుండ్రటి గోపురం రెండూ ఒకేసారి కళ్లకి అందుతాయి. మధ్య భాగం ముందుకి ఉబ్బి ఉంటుంది, దానికి రెండు పక్కలా స్తంభాలు గుత్తులుగా నిలబెట్టాడు. ఒక్కో అంతస్తుకీ సన్నబడుతూ పోయి పైన గంట దగ్గర ఆగుతుంది. గోపురం మాత్రం ఆయనది కాదు, 1820లో వచ్చింది, 43 మీటర్ల ఎత్తు. లోపలికి వెళ్తే దాని కిటికీల నీలం అద్దాల వెలుగు కిందకి పడుతుంది. ముందున్న పెద్ద మెట్లకి ఇనప కంచె ఉంటుంది, మామూలుగా లోపలికి వెళ్లేది పక్క తలుపు నుంచే. కాబట్టి ఆ మెట్లు చూసి అమ్మగారు బెదిరిపోకుండా ముందే చెప్పండి. చర్చిలోకి భుజాలు కప్పుకుని వెళ్లాలి, చీర అయితే ఆ సమస్యే లేదు.

ఓపిక ఉంటే రెండో రోజు పొద్దున ఎనిమిదింటికల్లా మీరొక్కరే పడమటి వైపు దిగి రండి. పాలాత్సో కొజెంతీని బాల్కనీలు అక్కడున్నాయి. బాల్కనీని మోసే రాళ్ల మీద వికారంగా నోళ్లు తెరిచిన ముఖాలు చెక్కారు. ఆ నోళ్లలోంచి పాములు, తేళ్లు బయటికి వస్తుంటాయి. ఎదుటివాళ్ల మీద చాడీలు చెప్పే నోళ్లట అవి. ఇరుగుపొరుగు మీద ఎంత కోపం ఉంటే ఇంటి ముందు ఇలాంటివి చెక్కించుకుంటారో! ఆ పక్కనే శాంతా మరియా దెల్లిత్రియా చర్చి గంటగోపురం నెత్తిన నీలం పింగాణీ పలకల టోపీ ఉంది, పలకలు కాల్తజిరోనే ఊరివి. ఈ భాగం పెద్దవాళ్లకి పెట్టుకోకండి, మెట్లు ఎక్కువ.

గది తీసుకునేటప్పుడు ఫొటోలు చూసి మురిసిపోకుండా మూడు ప్రశ్నలు మెసేజ్ పెట్టండి: కారు ఆపే చోటు నుంచి గుమ్మం దాకా ఎన్ని మెట్లు, గది ఏ అంతస్తులో, లిఫ్ట్ ఉందా. ఇబ్లాలో పాత ఇళ్లకి లిఫ్ట్ అరుదు. "కొద్దిగా మెట్లు" అని జవాబు వస్తే నమ్మకండి, అంకె అడగండి. ఒకసారి విజయవాడ నుంచి వచ్చిన దంపతులకి వాళ్లబ్బాయి లోయ వైపు బాల్కనీ ఉన్న బ్రహ్మాండమైన ఇల్లు బుక్ చేశాడు. ఇల్లు నిజంగానే బాగుంది. వీధి నుంచి గుమ్మానికి నలభై మెట్లు. ఆవిడ రెండు రోజులూ ఆ బాల్కనీ దాటి రాలేదు. తోట వైపు ఉన్న చిన్న గది దానికన్నా వంద రెట్లు నయం.

కారు గురించి. బస్సులో కూడా పని జరుగుతుంది, కానీ పెద్దవాళ్లతో పక్క ఊళ్లు మోదికా, షిక్లి కూడా చూడాలంటే కారే సుఖం. మీ జర్మన్ లైసెన్స్ ఇటలీలో చెల్లుతుంది. ఒక్కటే టెన్షన్, జడ్‌టీఎల్, అంటే బండ్లకి ఆంక్షలున్న ప్రాంతం. పాత ఊళ్ల నడిబొడ్డున అనుమతి లేని బండ్లు రాకూడదు, కెమెరా నంబరు పట్టుకుంటుంది. తెల్ల గుండ్రం చుట్టూ ఎర్ర అంచు ఉన్న బోర్డు కనిపించి, కింద సమయాలు రాసి ఉంటే ఆగి చదవండి. "వార్కో ఆత్తీవో" అని వెలుగుతుంటే ప్రవేశం మూసి ఉన్నట్టు. జీపీఎస్‌కి ఇవేమీ పట్టవు, సూటిగా లోపలికి తోలేస్తుంది. జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది, అద్దె కంపెనీ తన చార్జీ వేరే వేసుకుంటుంది. గది అద్దెకిచ్చేవాళ్లని ముందే అడిగితే సామాను దించుకోవడానికి బండి నంబరు నమోదు చేయిస్తారేమో చెప్తారు. పార్కింగ్‌లో నీలం గీతలంటే డబ్బు కట్టాలి, తెల్ల గీతలు ఉచితం, పసుపు గీతల్లో మీరు పెట్టకూడదు. కారు చిన్నది తీసుకోండి. ముగ్గురికి పెద్ద ఎస్‌యూవీ ఎందుకు, ఈ సందుల్లో అద్దాలు మడుచుకోవాల్సి వస్తుంది.

ఇక తిండి. శాకాహారులకి సిసిలీ నిజానికి మంచి చోటు, కానీ చూడగానే శాకాహారం అనిపించేవి కొన్ని కావు. మోదికాలో ఎంపనాతిగ్గి అనే మిఠాయి ఉంది. అచ్చం మన కజ్జికాయలా ఉంటుంది, అద్దాల బీరువాలో చాక్లెట్ల పక్కనే పెడతారు. లోపల బాదం, చాక్లెట్‌తో పాటు గొడ్డు మాంసం కూరతారు. మిఠాయిలో మాంసం ఉంటుందని ఎవరికి తడుతుంది? అమ్మగారికి ఈ ఒక్కటి ముందే చెప్పి ఉంచండి. అరంచీని అంటే నూనెలో వేయించిన అన్నం ఉండలు, వాటిలో "అల్ రగూ" మాంసం, "అల్ బుర్రో" అంటే వెన్న అని అర్థమైనా లోపల హామ్ వేయడం మామూలే. పాలకూరదీ వంకాయదీ అడగండి. రగూజానో అని ఈ ఊరి జున్ను (చీజ్), ఇటుకలా పొడుగ్గా ఉంటుంది, చాలా ప్రసిద్ధి. కానీ పాలు విరగడానికి గొర్రెపిల్ల లేదా మేకపిల్ల కడుపు నుంచి తీసినది వాడతారు. నిష్ఠగా ఉండేవాళ్లయితే మానేయాలి. అది పట్టించుకోకపోతే తప్పకుండా తినండి.

తినదగ్గవి చెప్తాను. స్కాచ్చా: పల్చటి రొట్టెని టమాటా, జున్ను వేసి మడతల మీద మడత పెట్టి కాలుస్తారు. బేకరీల్లో తూకానికి అమ్ముతారు, ముక్క కోయించుకుని గదికి తెచ్చుకోవచ్చు. పాస్తా అల్లా నోర్మా: వేయించిన వంకాయ, టమాటా, పైన ఉప్పు రికోటా జున్ను తురుము. మాక్కో: పెద్ద చిక్కుడు జాతి ఎండు గింజలని మెత్తగా ఉడికించి మెదిపి ఆలివ్ నూనె పోసి ఇస్తారు. ఇది తిన్న ప్రతి తెలుగు నాన్నగారూ అన్నం అడిగారు. అక్టోబరు చివరికి దొరకడం మొదలవుతుంది. కూరగాయల వంటల్లో కూడా ఉప్పులో ఊరేసిన చిన్న చేపలు కలిపే అలవాటు ఉంది కాబట్టి "సెన్జా కార్నే, సెన్జా పేషే, సెన్జా అచ్చూగె" అని మూడూ చెప్పండి: మాంసం వద్దు, చేప వద్దు, ఆ ఉప్పు చేపా వద్దు.

హోటళ్లు రాత్రి ఏడున్నర ముందు పొయ్యి వెలిగించవు. ఏడింటికే భోంచేసే అలవాటున్న పెద్దవాళ్లకి అది చాలా కష్టం. వంటగది ఉన్న గది తీసుకుంటే ఈ గొడవంతా పోతుంది. కుక్కర్ ఉండదు గానీ గిన్నెలో అన్నం వండుకోవచ్చు. గోంగూర సీసా తెచ్చుకోండి, విమానంలో చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి, చేతి సామానులో పెడితే సెక్యూరిటీ దగ్గర పోవచ్చు.

నోతో సంగతి. నోతో చాలదా అంటే, మోకాళ్ల వరకే చూస్తే నోతోనే సుఖం. భూకంపం తర్వాత పాత కొండ ఊరిని వదిలేసి కొన్ని కిలోమీటర్ల అవతల కొత్తగా గీసి కట్టిన ఊరు అది, ప్రధాన వీధి దాదాపు చదునుగా ఉంటుంది. రాజద్వారం నుంచి పెద్ద చర్చి దాకా అమ్మగారు హాయిగా నడుస్తారు. ఆ చర్చి గోపురం 1996 మార్చిలో కూలిపోయింది, తిరిగి కట్టి 2007లో తెరిచారు. వీయా నికోలాచి వీధిలో బాల్కనీల కింద సింహాలు, గుర్రాలు చూడండి. కానీ రెండు మూడు గంటల్లో అయిపోతుంది. నా అభిప్రాయంలో అది అలంకరించి పెట్టిన వేదిక, ఇబ్లా జనం కాపురం ఉన్న ఊరు. అందుకే నోతోని కటానియా నుంచి సిరాకూజా మీదుగా ఇబ్లాకి వచ్చే దారిలో పెట్టుకోమంటున్నాను, పొద్దున అక్కడ, సాయంత్రానికి ఇబ్లాలో.

రెండో రోజు మోదికా, 15 కిలోమీటర్లే. అక్కడి సెయింట్ జార్జ్ చర్చి ముందు కూడా ఆకాశానికి మెట్లున్నాయి, కానీ చర్చికి కొంచెం కింద అడ్డంగా రోడ్డు వెళ్తుంది, అక్కడ దిగితే సగానికి పైగా మెట్లు తప్పుతాయి. కింద వీధిలో చాక్లెట్ కొనండి. కోకోని తక్కువ వేడి మీద పని చేస్తారు, చక్కెర కరగదు, పళ్ల కింద పలుకులుగా తగులుతుంది. పాలు లేని చాక్లెట్, గుంటూరు వాళ్లు కాబట్టి మిరపకాయ వేసినది అడగండి. ఓపిక మిగిలితే షిక్లి, లేకపోతే వెనక్కి వచ్చేసి మధ్యాహ్నం నిద్ర. నేనైతే నిద్రకే ఓటు వేస్తాను.

మీరు ఎంచుకున్న అక్టోబరు మంచి నెల. వేసవిలో అయితే వద్దనేవాణ్ణి: 2021 ఆగస్టులో సిరాకూజా దగ్గర ఫ్లోరీదియాలో 48.8 డిగ్రీలు నమోదైంది, గుంటూరు రోహిణి కార్తెని సిసిలీ దాకా వెతుక్కుంటూ రావక్కర్లేదు కదా. అక్టోబరు రాత్రులు చల్లబడతాయి, నాన్నగారికి స్వెటర్ ఉంచండి. ఒకవేళ చివరికి కారు వద్దనుకుంటే ఆదివారం ప్రయాణం పెట్టుకోకండి, ఆ రోజు బస్సులు, రైళ్లు బాగా తక్కువ. ఇంకోటి, తిరుగు విమానం కటానియా నుంచి అయితే ముందు రాత్రికి కటానియా చేరిపోండి. ఎట్నా అగ్నిపర్వతం బూడిద ఎగజిమ్మినప్పుడు విమానాశ్రయం కొన్ని గంటలు మూసేస్తారు, కొన్ని విమానాలని కొమీజో విమానాశ్రయానికి మళ్లిస్తారు. కొమీజో ఉండేది రగూజా పక్కనే, కాబట్టి ఎయిర్‌లైన్ మెసేజ్ చూడకుండా కారు తిరిగి ఇచ్చేయకండి.